పదిహేడో నంబరు మనిషి

ఆ అమ్మాయి ఆసుపత్రి యూనిఫాంలోనే వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచిలోంచి ఖాళీ ఫోటో ఫ్రేము తీసి బల్ల మీద పెట్టి, "మా ముత్తాతని ఎవరో ఎత్తుకుపోయారండీ," అంది.

కిటికీ పక్కన టైపు చేస్తున్న మాస్టారి వేళ్ళు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఈ ఆఫీసులో సహాయకుడిగా చేరాడాయన. రెండేళ్ళయినా ప్రతి కేసూ ఆయనకు కొత్తే.

డిటెక్టివ్ మాత్రం తొణకలేదు. ఊళ్ళో అందరూ ఆమెను భూతద్దం అంటారు. నిజానికి ఆమె దగ్గర భూతద్దం లేనే లేదు. ఉన్నవి రెండు కళ్ళు, అవి దేన్నీ చిన్న విషయమని వదిలిపెట్టవు.

"ముందు కూర్చో అమ్మా. మంచినీళ్ళు తాగు. ముత్తాత ఎక్కడికీ పోడు," అంది.

నర్సు కూర్చుంది. కథ మెల్లగా బయటికొచ్చింది. తొంభై ఏళ్ళ కిందట ఆమె ముత్తాత ఒంటరిగా ఓడెక్కి ఈ దేశం వచ్చాడు. రేవు దగ్గర టైలరు షాపు పెట్టాడు. ఆయన తర్వాత తాత, ఇప్పుడు పెదనాన్న దాన్ని నడుపుతున్నారు. షాపుకి తొంభై ఏళ్ళు నిండుతున్నాయని, రెండేళ్ళు తిరిగి వంశచరిత్ర పుస్తకం రాసింది నర్సు. అందులో ఎదురెదురు పేజీల్లో రెండు బొమ్మలు రావాలి. ఒకటి ముత్తాత ఫోటో, రెండోది ఓడెక్కేటప్పుడు ఆయనకిచ్చి, దిగాక ఈ రేవులో ముద్ర కొట్టిన పత్రం. నిన్న ప్రెస్సుకి ఇద్దామని పత్రం ఉన్న ఫ్రేము దించి చూస్తే లోపల తెల్ల కాగితం ఉంది. చుట్టూ అంచు అట్ట ఉంది, ఫ్రేము గోడ మీద ఎత్తున ఉంది కాబట్టి దూరానికి ఎవరికీ తేడా తెలియలేదు.

"పత్రంలో ఏముందో రాసుకున్నావా?"

"పేరు, వయసు, ఓడ పేరు రాసుకున్నానండీ. కింది సగం ఆ అట్ట వెనక ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్రేము ఎవరూ దించలేదని పెదనాన్న చెప్పాడు."

భూతద్దం ఫ్రేము తిప్పి చూసింది. వెనక అంటించిన గోధుమరంగు కాగితాన్ని ఎవరో ఒక్క వేటుతో, గీత గీసినంత తిన్నగా కోసి, మళ్ళీ అతికించారు. ముందువైపు అద్దం నీళ్ళలా తేటగా ఉంది.

"ఇంకోటి కూడా ఉందండీ," అంటూ నర్సు ఒక ఉత్తరం తీసింది. మూడు వారాల కిందట వచ్చిందది. ముత్తాత వివరాల కోసం ఆయన సొంత దేశపు పేపర్లో ఆమె వేయించిన ప్రకటన చూసి, ఎవరో పెద్దావిడ రాసింది: *మీరు గొప్పగా చెప్పుకునే ఆ మనిషి మా తాత. కడుపుతో ఉన్న మా నాయనమ్మను వదిలి ఓడెక్కాడు. ఒక్క ఉత్తరం రాయలేదు. మా నాన్న మొగుడొదిలేసిన దాని కొడుకు అనిపించుకుంటూ పెరిగాడు. ఆ మాట కూడా మీ పుస్తకంలో రాయండి.*

"ఇది ఇంట్లో ఎవరెవరు చూశారు?"

"భోజనాల దగ్గర నేనే చదివానండీ. పెదనాన్న, మేనత్త విన్నారు."

మధ్యాహ్నానికి ముగ్గురూ షాపులో ఉన్నారు. లోపల బట్టల వాసన, ఇస్త్రీ ఆవిరి. గోడ మీద ముత్తాత ఫోటో ఉంది. మనిషి యువకుడు. రెండు చేతులూ కత్తిరింపు బల్ల మీద పరిచి, పది వేళ్ళూ విప్పి, కెమెరా వంక సూటిగా చూస్తున్నాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంది. ఆ ఫోటో మీది అద్దం పసుపుబారి, అక్కడక్కడా బుడగలతో ఉంది.

"రెండు ఫ్రేములూ ఒకేసారి కట్టించారా?" అని అడిగింది భూతద్దం.

"ఒకే రోజు. మా నాన్న కట్టించాడు," అన్నాడు పెదనాన్న. అరవై ఏళ్ళ మనిషి. వదులు కోటు, మెడలో టేపు. మాట్లాడుతూనే బట్ట కోస్తున్నాడు. సుద్దగీత లేకుండానే కత్తెర తిన్నగా పోతోంది.

గుండీలు కుడుతున్న మేనత్త అడక్కుండానే అందుకుంది. "నేను తియ్యలేదు బాబూ! పుస్తకం వద్దన్న మాట నిజమే. పోయినవాళ్ళను తవ్వి తలకెత్తుకోవడం ఎందుకన్నాను. అంతమాత్రాన దొంగనైపోతానా?"

మాస్టారు భూతద్దం చెవి దగ్గరికి వంగాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటోంది," అన్నాడు.

అంతలో మేనత్త సూది నర్సుకి అందించింది. "ఈ దారం ఎక్కించవే తల్లీ. కన్ను ఆనడం లేదు."

"మాస్టారూ, ఆ భుజాల మీద బూడిద లేదు," అంది భూతద్దం నవ్వుతూ. "పదండి, రేవుకి పోదాం."

రేవు ఆఫీసులో పాత దస్తావేజులు నేలమాళిగలో ఉన్నాయి. ప్రయాణికుల పత్రాల నకళ్ళు ఓడతో పాటే వచ్చి ఆఫీసు పుస్తకంలో చేరేవి. గుమాస్తా మూడు పుస్తకాలు దించి తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. రెండు గంటలకు మాస్టారు "దొరికింది!" అని కేకేశాడు. పేరు సరిపోయింది, వయసు సరిపోయింది, వృత్తి టైలరే. ఆ కింది వరస చదివి ఆయన పుస్తకాన్ని భూతద్దం వైపు తిప్పాడు.

భూతద్దం తలాడించి, అదే ఓడ సిబ్బంది పుస్తకం అడిగి తెప్పించింది.

మర్నాడు పొద్దున షాపు తలుపు మీద 'సెలవు' బోర్డు పెట్టించి అందరినీ కూర్చోబెట్టింది.

"దొంగతనం సంగతి చిన్నది, ముందు తేల్చేద్దాం," అంది. "ఒకే రోజు కట్టించిన రెండు ఫ్రేముల్లో ఒకదానికి పాత అద్దం, ఒకదానికి కొత్త అద్దం. అంటే ఈమధ్యే ఎవరో దించారు, అద్దం పగిలింది, మార్పించారు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ దించలేదన్న మాట అబద్ధం. వెనక కాగితం కోసిన చెయ్యి స్కేలు అక్కర్లేని చెయ్యి. సూదిలో దారం ఎక్కించలేని కళ్ళకు అది సాధ్యం కాదు. కటింగ్ మాస్టరు గారూ, మీరే చెబుతారా?"

పెదనాన్న కత్తెర కింద పెట్టాడు.

"తొంభై ఏళ్ళ పండగ కదా అని ఫ్రేము దించి తుడవబోయాను. చేయి జారింది," అన్నాడు.

"అట్ట తీస్తే కింది వరస కనబడింది. 'గుర్తు: కుడిచేతి చూపుడువేలు సగం లేదు.' అంతేనా?"

నర్సు చటుక్కున గోడ వంక చూసింది. పది వేళ్ళు.

"మా తాత తన చూపుడువేలు నా వేలు మీద పెట్టి కత్తెర పట్టడం నేర్పాడమ్మా," అన్నాడు పెదనాన్న. "ఆ వేలు నాకు తెలియదా? ఆ పత్రం ఆయనది కాదు. ఎదురెదురు పేజీల్లో అచ్చేస్తే ఊరంతా చూస్తుంది. మా తాత దొంగ పేరుతో బతికాడని నా నోటితో ఎలా చెప్పను?"

"మరి రేవులో ఎందుకు పట్టుకోలేదు?" అంది మేనత్త.

"గుర్తులు ఓడ ఎక్కేటప్పుడు రాస్తారు. దిగేటప్పుడు నాలుగు వందల మంది. గుమాస్తా పేరు చూసి ముద్ర కొట్టాడు," అంది భూతద్దం. "ఓడ సిబ్బంది పుస్తకంలో ఇంకో మాట ఉంది. రేవు చేరడానికి మూడు రోజుల ముందు బొగ్గు కొలిమిలో పనిచేసే కుర్రాడొకడు జ్వరంతో పోయాడని, సముద్రంలో వదిలేశామని రాశారు. కొలిమివాళ్ళకు పేర్లు కూడా రాయలేదు, నంబర్లే. పోయినవాడు పదిహేడో నంబరు. గుర్తు, తెగిన ఎడమ కనుబొమ్మ."

మాస్టారు ఫోటో దించి అందరి మధ్యా పెట్టాడు. తెగిన కనుబొమ్మ కింద కళ్ళు నిబ్బరంగా చూస్తున్నాయి.

"పుస్తకంలో పోయింది పదిహేడో నంబరు, కానీ నిజానికి పోయింది టైలరు. దిగింది పదిహేడో నంబరు. టైలరు బతికుండగా తనే పత్రం ఇచ్చాడా, పోయాక ఈయన తీసుకున్నాడా అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. తెలియనిది తెలిసినట్టు నేను చెప్పను. కానీ ఒకటి మాత్రం ఖాయం." భూతద్దం ఉత్తరం తీసి పెదనాన్న ముందు పెట్టింది. "ఆవిడ తాత పెళ్ళాన్ని వదిలిపెట్టలేదు. ఉత్తరం రాయడానికి ఆయన నేల మీద అడుగే పెట్టలేదు. తొంభై ఏళ్ళుగా ఆ ఇల్లు ఆయన్ని తిడుతోంది. మీ పరువు కోసం ఇంకో తొంభై ఏళ్ళు తిట్టనిద్దామా?"

పెదనాన్న ఒంటి మీది కోటు విప్పాడు. బ్లేడుతో లోపలి అస్తరు కుట్లు ఒక్కొక్కటే ఊడదీసి, మడత పడకుండా దాచిన పత్రాన్ని బయటికి తీశాడు. "చింపడానికి చేతులు రాలేదు," అన్నాడు. ఆ పత్రాన్ని నర్సు చేతిలో పెట్టాడు. "రెండూ అచ్చెయ్యి. ఉన్నదున్నట్టు రాయి."

"ముందు ఆవిడకి ఎవరు చెబుతారన్నయ్యా?" అంది మేనత్త మెల్లగా.

"నేనే."

నర్సు ఉత్తరంలో ఉన్న నంబరు కలిపి ఫోను అందించింది. పెదనాన్న నిలబడే మాట్లాడాడు, వేలు గురించి, జ్వరం గురించి, సముద్రం గురించి. ఒక్క ముక్క దాచలేదు. అవతల ఎంతోసేపు ఏడుపు వినబడింది. ఆయన ఫోను చెవి దగ్గర్నించి తీయకుండా ఓపిగ్గా ఆగాడు.

చివరికి ఆ పెద్దావిడ గొంతు సవరించుకుంది. "మా నాయనమ్మ బతికుంటే ఈ మాట విని హాయిగా కన్ను మూసేది. చల్లని మాట చెప్పావు అన్నయ్యా. మరి మీరెవరు?"

పెదనాన్న గోడ మీద ఖాళీ అయిన చోటు వంక చూశాడు.

"తెలియదమ్మా," అన్నాడు. "మా అమ్మాయి రేపటినుంచి వెతుకుతుంది."