నాలుగో హోడీ

ఆ అమ్మాయి హోడీ అనకుండానే మా ఇంట్లోకి వచ్చేసింది.

నేను లుంగీ ఒక్కటే చుట్టుకుని చాప మీద కూర్చుని ఉన్నాను. ఒక చేతిలో మహమ్రి రొట్టె, ఇంకో చేతిలో కొబ్బరిపాలలో ఉడికించిన కందుల గిన్నె. తలుపు కిర్రుమంది. తలెత్తి చూస్తే పసుపుపచ్చ కాంగా వస్త్రం కప్పుకున్న పిల్ల, చేతిలో ఖాళీ పళ్లెం.

"అత్తా, ఈ పళ్లెం ఎక్కడ పెట్ట..." అని ఆగిపోయింది.

చొక్కా ఎక్కడుందో గుర్తు రాలేదు. గిన్నెతోనే ఛాతీ కప్పుకున్నాను.

"ఎవరు నువ్వు? మా అత్త ఇంట్లో ఏం చేస్తున్నావు?" అంది ఆమె, కళ్లు పెద్దవి చేసి.

"మీ అత్త ఇల్లు కాదిది. మా ఇల్లు."

"బీ ఖమీసా ఇల్లు కాదా?"

"ఆవిడది ఎదురిల్లు. హోడీ అని పిలిచి ఉంటే చెప్పేవాణ్ణి కదా!"

"సొంత అత్త ఇంటికి కూడా హోడీ ఏమిటి?"

"సొంత ఇంటికైనా సరే. గుమ్మం బయట నిలబడి హోడీ అనాలి. లోపలి నుంచి కరీబూ అంటేనే కాలు పెట్టాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వెనక్కి వెళ్లిపోవాలి. మీ ఊళ్లో నేర్పలేదా?"

"నేర్పారు. మీ ఊళ్లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయని మాత్రం చెప్పలేదు."

హోడీ సంగతైతే క్షమించేవాణ్ణి. ఈ మాట క్షమించలేకపోయాను. నేను తలుపులు చెక్కేవాణ్ణి. మా తాతా అంతే, మా నాన్నా అంతే.

"ఒకేలానా? ఇది మా తాత చెక్కిన తలుపు. చుట్టూ తామరపూలు. మీ అత్తది మా నాన్న చెక్కింది. దాని మీద ఖర్జూరపు ఆకులు, కింద చేపలు. కళ్లున్నవాళ్లకి తెలుస్తుంది."

ఆమె వెనక్కి తిరిగి మా తలుపును చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"కందులు కారుతున్నాయి," అని వెళ్లిపోయింది.

ఇది ఎనభై నాలుగో సంవత్సరం, డిసెంబరు మాట. కెన్యా తీరాన మా మొంబాసా పాతబస్తీ సందుల్లో చినుకులు ఇంకా అప్పుడప్పుడు పడుతుండే రోజులు.

ఆమె పేరు జుహూరా అనీ, బీ ఖమీసా తమ్ముడు స్వాలెహె గారి కూతురనీ ఆ సాయంత్రమే తెలిసింది. స్వాలెహె గారు మా వీధిలోనే పుట్టి, రైల్వేలో ఉద్యోగం వచ్చి సరస్సు ఒడ్డున కిసుములో స్థిరపడ్డారు. ఇరవై ఏళ్ల తర్వాత భార్యనీ కూతురినీ తీసుకుని అక్కను చూడడానికి వచ్చారు.

"వాళ్లకి ఊరు చూపించే బాధ్యత నీది. నాలుగు రోజులు ఉలి పక్కన పెట్టు," అన్నాడు నాన్న.

"స్వాలెహె గారు ఈ ఊరివారే కదా నాన్నా?"

"ఈ ఊరివాడే కనుక ఆయన ప్రతి అరుగు మీదా ఆగి కాఫీ తాగుతాడు. ఆడవాళ్లు కోట ఎప్పుడు చూస్తారు?"

నాన్న చెప్పినట్టే అయింది. స్వాలెహె గారు ప్రతి మలుపులోనూ ఒక చిన్ననాటి స్నేహితుణ్ణి కనిపెట్టి కూర్చుండిపోయేవారు. ఆయన భార్య నెమ్మదిగా నడిచే మనిషి. ముందు నేను, నా వెనక జుహూరా, ఆ వెనక ఆవిడ.

ఫోర్ట్ జీసస్ కోటలో ఉండగా వాన పట్టుకుంది. పరుగున వచ్చి ద్వారం కమాను కింద నిలబడ్డాం. జుహూరా కాంగా అంచు తడిసి ముదురు రంగుకు తిరిగింది. నేను చూడకూడదని వానను చూశాను. వాన కూడా అటే పడుతోంది.

"గైడు గారూ, ఈ తలుపు ఎవరు చెక్కారు?"

"తెలియదు."

"అమ్మయ్య. మీకు తెలియని తలుపు ఒకటుంది."

వాళ్లమ్మ మొహం తిప్పుకుని నవ్వింది.

మర్నాడు లికోనీ రేవుకు తీసుకెళ్లాను. జుహూరా పుట్టి బుద్ధెరిగాక సముద్రపు నీళ్ల దాకా రావడం అదే మొదలు. మెట్ల మీద వంగి నీళ్లు ముట్టుకుని నాలుక మీద వేసుకుంది.

"ఛీ, ఉప్పు! మా సరస్సు నీళ్లతో టీ కాచుకోవచ్చు."

"సరస్సు ఎంత పెద్దదైనా చెరువే. మా సముద్రం మీద ఓడలు అరేబియా వెళ్తాయి."

"మా సరస్సు మీద ఉగాండా వెళ్తాయి."

"దానికి ఓడ దేనికి? నడిచి పోవచ్చు."

"నడిచి రా చూద్దాం మా ఊరికి, ఎంత దూరమో తెలుస్తుంది!"

అంత గట్టిగా అన్నాక ఆమే తలొంచుకుంది. నా చెవులు వేడెక్కాయి. మాలో ఎవరమూ ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

ఆ రాత్రి నమాజు తర్వాత చాప మీద చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఏమి అడగాలో తెలియలేదు. దేవుడికి మన మనసు తెలుసంటారు. తెలిసినప్పుడు మనచేత అడిగించడం దేనికని నాకు అప్పుడూ సందేహమే, ఇప్పుడూ సందేహమే.

మూడో రోజు సాయంత్రం అందరం లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లాం. పెద్దవాళ్లు కర్రపెండలం వేపుడు బండి దగ్గర ఆగారు. మేం గట్టు మీద నిలబడ్డాం.

"రేపు రాత్రి ఏడింటి రైలుకి వెళ్లిపోతాం," అంది జుహూరా.

"తెలుసు."

"కిసుములో ఒక సంబంధం వచ్చింది. స్కూలు టీచరు. ఇంటికి వెళ్లగానే నాన్న జవాబు చెప్పాలి."

"మంచివాడా?"

"మంచివాడే."

"నువ్వేమంటావు?"

"ఏమంటాను? ఇంకెవరైనా అడిగితే కదా, పోల్చి చూసుకోడానికి!"

టోపీ ఎగిరిపోకుండా అదుముకున్నాను.

"గాలి ఎక్కువగా ఉంది కదూ?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి పకపకా నవ్వింది. "ఊరందరి తలుపులూ చేస్తావు, నోరు తెరవడం మాత్రం రాదు." తర్వాత నవ్వు ఆపి మెల్లగా అంది. "రేపు మధ్యాహ్నం అమ్మా నాన్నా చుట్టాలకి చెప్పి రావడానికి వెళ్తారు. అత్త మేడ మీద ప్రయాణానికి పిండివంటలు చేస్తుంటుంది. మా గుమ్మం దగ్గరికి వచ్చి హోడీ అను. నేను కరీబూ అంటే, మా నాన్నతో మాట్లాడమని అర్థం."

"అనకపోతే?"

"మూడుసార్లు పిలిచి వెళ్లిపోవాలని నువ్వే కదా నాకు పాఠం చెప్పావు!"

మర్నాడు ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, టోపీ సర్దుకుని, నాన్న చెక్కిన ఆ ఖర్జూరపు ఆకుల తలుపు ముందు నిలబడ్డాను. వీధిలో ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు.

"హోడీ!"

కొంచెం ఆగాను.

"హోడీ!"

లోపలి నుంచి చిన్నగా చప్పట్లు వినిపించాయి. రెండు. కాకినో కోడినో తోలినట్టు. పిల్లి కూడా ఉలిక్కిపడి నన్ను చూసింది.

తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాను. మూడోసారి మెల్లగా పిలిచాను.

"హోడీ..."

మళ్లీ చప్పట్లు. ఈసారి కాస్త గట్టిగా, త్వరగా.

కరీబూ లేదు. నోరు విప్పి పొమ్మని చెప్పడానికి కూడా మనసు రాక కోడిని తోలినట్టు తోలిందనుకున్నాను. మూడుసార్లూ అయిపోయాయి. నేను నియమం తప్పే మనిషిని కాను. వెనక్కి తిరిగాను.

వీధిలోనే ఉన్న మా చెక్కడాల దుకాణంలో కూర్చుని, కొత్త తలుపు మీది ఒక చేపకు పొలుసులు చెక్కాను. ఎన్ని చెక్కానంటే చివరికి చేప మిగల్లేదు. సాయంత్రం వాళ్లు బయలుదేరే చప్పుడు, బీ ఖమీసా ఏడుపు, స్వాలెహె గారి నవ్వు అన్నీ వినబడ్డాయి. బయటికి వెళ్లలేదు.

నాన్న లోపలికి వచ్చాడు.

"వీధి వీధంతా సాగనంపడానికి వచ్చింది. నాలుగు రోజులు తిప్పినవాడివి, నువ్వేమయ్యావు? ఆ పిల్ల కారెక్కేదాకా మన తలుపునే చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి."

"ఆమే నన్ను పొమ్మంది నాన్నా."

"ఏమని?"

సిగ్గు విడిచి అంతా చెప్పాను. చప్పట్ల దగ్గరికి వచ్చేసరికి నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎన్ని?"

"ఏమిటి?"

"చప్పట్లు ఎన్నిరా?"

"రెండు. మళ్లీ రెండు."

"అరచేత్తో రెండో చేతి వెనక కొట్టినట్టు, మెత్తగా?"

"అవును."

నాన్న చెక్కపొట్టు మీదే కూలబడ్డాడు. ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఏదోలా అయిపోయింది.

"అథ్మాన్, ఆ పిల్ల నమాజులో ఉందిరా. నమాజులో ఉన్న ఆడమనిషి నోరు విప్పి పలకకూడదు. గుమ్మంలో ఎవరైనా పిలిస్తే ఒక అరచేత్తో రెండో చేతి వెనక చరుస్తుంది. ఉన్నాను, ఆగు అని. మదర్సాలో చెప్పలేదా?"

"ఆ రోజు చేపలకి వెళ్లానేమో."

"ఇంట్లో ఆడమనిషి ఉంటే మదర్సా అక్కర్లేకపోయేది." నాన్న గొంతు తగ్గింది. మా అమ్మ నాకు రెండేళ్లప్పుడే పోయింది. "మీ అమ్మ ఉన్నప్పుడు రోజూ వినేవాణ్ణి. వినగానే అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేదో..." అంతలో ఉలిక్కిపడ్డాడు. "ఇంకా చూస్తావేంరా? పరుగెత్తు! నేను వెనక వస్తా!"

పరుగెత్తాను. టోపీ ఎక్కడో పడిపోయింది. స్టేషన్ ఇంకా రెండు వీధుల దూరం ఉందనగా పొద్దుగూకి అజాన్ వినబడింది.

నిలబడిపోయాను. ఈ నమాజుకు వేళ తక్కువ. రైలుకు అంతకన్నా తక్కువ. పక్కనే మసీదు. దేవుడా, నన్నిలా పరీక్షించడం న్యాయమా అనుకుంటూనే చెప్పులు విడిచాను. అంత త్వరగా నేనెప్పుడూ నమాజు చదవలేదు. అది అంగీకరించాడో లేదో తెలియదు. చదివి బయటికి వస్తే మాత్రం కాళ్లకు కొత్త బలం వచ్చింది.

రైలు ఇంకా ఉంది. పెట్టె తర్వాత పెట్టె వెతుకుతూ నడవాలోంచి పోతున్నాను. మూసి ఉన్న ఒక తలుపు వెనక స్వాలెహె గారి దగ్గు వినిపించింది. కొబ్బరి మిఠాయి వాసన కూడా వచ్చింది. అది బీ ఖమీసా చేతి వంటే.

ఆ తలుపు మీద తామరలు లేవు, చేపలు లేవు. ఇనుప రేకు, దాని మీద ఒక నంబరు. దాని ముందు నిలబడి నాలుగోసారి పిలిచాను.

"హోడీ!"

"రైల్లో హోడీ ఏమిటి? ఎవరయ్యా అది?" అన్నారు స్వాలెహె గారు లోపలి నుంచి.

నేను పలకలేదు. జవాబు చెప్పవలసింది ఆయన కాదు.

ఒక్క క్షణం. రెండు క్షణాలు.

"కరీబూ," అంది జుహూరా.

వాళ్ల నాన్న ముందే, వాళ్లమ్మ ముందే అంది.

తలుపు పక్కకు జరిగింది. స్వాలెహె గారు నన్నూ, కూతురినీ, మళ్లీ నన్నూ చూశారు.

"ఏం బాబూ, ఏమైనా మర్చిపోయామా?"

"మీరు కాదండీ, నేను మర్చిపోయాను. ఒకటి అడగాలి."

"అడుగు మరి, రైలు కదిలిపోతుంది."

"పెద్దవాళ్లు అడగాలండీ. మా నాన్న వస్తున్నారు."

"ఎక్కడ?"

కిటికీలోంచి చూశాం. ప్లాట్‌ఫారం చివర నాన్న ఒక చెప్పుతో, రెండో చెప్పు చేత్తో పట్టుకుని వస్తున్నాడు. అప్పుడే ఈల వేశారు. నేను కిందికి దూకాను. రైలు కదిలింది.

"స్వాలెహె!" అని అరిచాడు నాన్న. "మీ అమ్మాయిని... మా వాడికి..."

"వినబడట్లేదు!"

"ఉత్తరం రాస్తా!"

"త్వరగా రాయి! ఆ టీచరు వాళ్లకి ఇంకా మాట ఇవ్వలేదు!" అన్నారు స్వాలెహె గారు కిటికీలోంచి సగం బయటికి వంగి. ఆయన భార్య వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు.

నేను రైలు పక్కనే పరుగెత్తాను. ఆ కిటికీలో కొంచెం చోటు చేసుకుని జుహూరా చేతులు బయటికి పెట్టింది. కుడి అరచేత్తో ఎడమ చెయ్యి వెనక మెల్లగా చరిచింది. రెండుసార్లు.

ఆగాను.

ఉపవాసాల నెల రాకముందే మా పెళ్లయింది.

ఆ రాత్రిబండి ఇప్పుడు లేదు. ఆ స్టేషన్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ సాగనంపరు. నాన్న పోయాడు, బీ ఖమీసా కూడా. తలుపులు రెండూ ఎదురెదురుగా అలాగే ఉన్నాయి. ఈ తలుపు మీద తామరలూ ఆ తలుపు మీద చేపలూ అరిగి, ఇప్పుడు నిజంగానే రెండూ కాస్త ఒకేలా కనిపిస్తాయి. జుహూరా ఆ మాట రోజుకొకసారైనా అంటుంది.

ఒకసారి మా మసీదు ఇమాం గారిని అడిగాను. "మూడుసార్లే అన్నారు కదండీ, నేను నాలుగోసారి పిలిచాను. తప్పేమో?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. "ఆ అమ్మాయి మధ్యాహ్నమే జవాబిచ్చింది కదయ్యా. నీకు వినడం రాలేదు, అంతే. జవాబు వచ్చాక తిరిగిపోయావు చూడు, అడగవలసింది ఆ తప్పు గురించి."

నిన్న మధ్యాహ్నం పని ముగించుకుని ఇంటికి వచ్చాను. చినుకులు మొదలయ్యాయి. సొంత ఇల్లే అయినా అలవాటు ప్రకారం గుమ్మం బయట నిలబడి హోడీ అన్నాను.

లోపలి నుంచి చప్పట్లు. మెత్తగా, రెండు.

అరుగు మీద కూర్చున్నాను.