పదకొండు లాగిన్లు, ఒకే ఫోను

"మీ కింద పదకొండు మంది విలేకరులు. పదకొండు మందీ యాప్‌లోనే వార్తలు పంపుతున్నారు. నూటికి నూరు! రాష్ట్రంలో ఏ డెస్కుకూ ఇన్ని మార్కులు రాలేదు ఆరిఫ్ గారూ," అంది ఆ అమ్మాయి.

నేను వినయంగా తల వంచుకున్నాను.

"కాకపోతే పదకొండు మందివీ ఒకే ఫోన్ నుంచి వస్తున్నాయి. పుల్లలచెరువు ఆయన, పొదిలి ఆయన, సి.ఎస్.పురం ఆయన రోజూ సాయంత్రం నాలుగింటికి మార్కాపురం వచ్చి మీ కుర్చీలో కూర్చుంటారా ఏంది?"

వంచిన తల అట్లాగే ఉంచేశాను. దొరికిపోయాను మరి.

మా పత్రికకు మార్కాపురం డెస్క్ ఇన్‌చార్జ్‌ని నేను. ఇన్‌చార్జ్ అంటే పెద్ద హోదా అనుకునేరు! మద్దెల బతుకు. పైనుంచి హైదరాబాద్ వాయిస్తుంది, కిందినుంచి విలేకరులు వాయిస్తారు. ఇకమీదట ఫోన్లో వార్తలు చెప్పడం కుదరదు, ఎవరి వార్త వారే యాప్‌లో పంపాలని ఆరు నెలల కిందట పైనుంచి ఆర్డర్ వచ్చింది. పుల్లలచెరువు ఓబులయ్యకు అరవై దగ్గర పడ్డాయి. ఇరవై ఆరేళ్లుగా "రాసుకో నాయనా" అని ఫోన్లో చెప్పడమే తప్ప ఆయన ఒక్క అక్షరం టైపు చేసి ఎరగడు. పాపమని ఆయన లాగిన్‌తో నేనే కొట్టి పంపాను. ఆయన్ని చూసి మిగతా పది మందీ మొదలుపెట్టారు. పాస్‌వర్డ్‌లన్నీ నా దగ్గరే.

ఈ అమ్మాయి షాయిస్తా. మాలాంటి నడిమి ఇన్‌చార్జ్‌లకు జట్టును మార్పుకు ఎట్లా అలవాటు చేయాలో నేర్పడానికి ఆఫీసు పంపింది. సొంతూరు గిద్దలూరు. రెండు వారాలు చూసి రిపోర్టు రాస్తుంది. అది బాగా లేకపోతే ఓబులయ్య మండలం ఇంకొకరికి పోతుంది, నా కుర్చీ కూడా పోతుంది.

"రిపోర్టులో రాస్తారా?" అన్నాను.

"రాయకుండా ఏం చేయమంటారు?"

"కంభం రోడ్డులో బిర్యానీ బాగుంటుంది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అబ్బ, అంత కష్టకాలంలోనూ నాకు ఆ పెదవే కనిపించింది. సిగ్గు లేదు నాకు.

"చూడండి, మీరు వాళ్లకు సాయం చేయడం లేదు. వాళ్ల పని లాక్కుంటున్నారు."

"రెండు వారాలుండి పోయేవాళ్లకు మా బాధలు ఏం తెలుస్తాయి లెండి!"

"గిద్దలూరు దాన్ని, నాకు పుల్లలచెరువు తెలియదా? రేపు పోదాం పదండి."

మర్నాడు బస్సులో పోయినాం. ఓబులయ్య మేకలకు నీళ్లు పెడుతున్నాడు. షాయిస్తా ఆయన ఫోన్లో మైకు బొమ్మ చూపించింది.

"టైపు చేయొద్దు మామా. ఇది నొక్కి, ఆరిఫ్ గారికి చెప్పినట్టే చెప్పు. అదే రాసుకుంటుంది."

ఓబులయ్య గొంతు సవరించుకుని, "మండలంలో బోర్లు..." అని ఆగిపోయినాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగినాడు.

"ఏమైంది మామా?"

"ఇది ఊఁ కొట్టడంలా గదమ్మా! ఊఁ కొట్టకపోతే వార్త ఎవురికి చెప్పేది?"

నేను పకపకా నవ్వాను. షాయిస్తా మాత్రం నవ్వలేదు. "ఏడు ఊర్లలో క్లాసులు చెప్పినాను. నా స్లైడ్లలో ఇది లేదు," అంది నెమ్మదిగా. తర్వాత ఓబులయ్య భార్య రమణమ్మను పిలిచింది. "అత్తా, నువ్వు ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టు."

"నలభై ఏండ్ల నుంచి ఆ పని కాక ఇంకేం చేస్తాండా తల్లీ!" అంటూ రమణమ్మ చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

ఎండిన బోర్ల వార్త మూడు నిమిషాల్లో గడగడా వచ్చేసింది. మధ్యలో రమణమ్మ ఊఁలు కూడా పడ్డాయి, వాటిని తీసేశాం. తన మాటలు తెర మీద అక్షరాలుగా కనిపిస్తుంటే ఓబులయ్య కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. షాయిస్తా నేల మీద ఆయన పక్కనే కూర్చుని చదివి వినిపించింది. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

తిరిగొచ్చి ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చేశాను. మా మార్కులు నూరు నుంచి ఇరవై ఏడుకు పడ్డాయి. పైనుంచి తిట్లు వచ్చాయి. నాలుగింటికల్లా నా వేళ్లు జిలపెట్టేవి. షాయిస్తా నా ఫోన్ లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకునేది.

"ఐదున్నర దాకా ఇయ్యను. వాళ్లు తప్పులు చేయనీ, నేర్చుకోనీ."

రెండు వారాలైంది. రిపోర్టు కాపీ నాకూ వచ్చింది. 'ఇన్‌చార్జ్ జట్టును మార్పు వైపు నడిపిస్తున్నారా?' అన్న ప్రశ్నకు 'ఇంతవరకు లేదు' అని ఉంది.

"ఎంత మాట రాసినారండీ!" అన్నాను.

"మొత్తం చదివినారా?"

"ఆ ముక్క చాలు నాకు."

ఆమె బ్యాగు తీసుకుని గిద్దలూరు బస్సెక్కింది. ఆమె పోయాక మిగతాది చదివాను. 'పదకొండు మందికీ ఒక నెల గడువు ఇవ్వండి. ఆ నెల నేను ఇక్కడే ఉంటాను. అప్పటికీ వాళ్లు నేర్చుకోకపోతే తప్పు నాది.'

వార్త చివరిదాకా చదవండని సబ్ ఎడిటర్లకు రోజూ చెప్పే పెద్దమనిషిని నేను. చెంపలేసుకుని ఫోన్ చేశాను. "తప్పయిపోయింది" అన్నాను. "రేపు తొమ్మిదింటికి వస్తా, టీ చెప్పి ఉంచండి" అంది.

హైదరాబాద్ నెల గడువుకు ఒప్పుకుంది. ఆ నెలలో ఒక్కొక్కరే నేర్చుకున్నారు. ఓబులయ్యే ఆఖరు. ఇంటి దగ్గర రమణమ్మ ఉంటే సరే, బయట ఒంటరిగా ఉంటే నోరు పెగిలేది కాదు. ఇంకో నాలుగు రోజుల్లో గడువు అయిపోతుందనగా ఒక సాయంత్రం యాప్ మోగింది. పుల్లలచెరువులో భారీ వాన! అడవి అంచున పొంగుతున్న వాగు ఫోటోతో సహా పంపినాడు. ఊఁ కొట్టేవాళ్లు లేకుండా, తడుస్తూ, ఒక్కడే. మిగతా పత్రికలకు ఇంకా తెలియదు. సొంతంగా పంపినవాళ్ల జాబితాలో పదకొండో పేరు కూడా పచ్చగా వెలిగింది.

షాయిస్తా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కిటికీ బయట మార్కాపురం మీదికీ మబ్బు వచ్చింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"షాయిస్తా, మీరు వెళ్లిపోతారనుకుంటే నాకు అన్నం సహించడం లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

"సొంత మాటేనా? ఎవరైనా చెబితే పంపుతున్నారా?"

"సొంతమే!"

"అయితే మా అబ్బాతో మాట్లాడండి," అని చున్నీ సర్దుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

విషయం ఓబులయ్యకు ఎట్లా తెలిసిందో ఏమో, మర్నాడే ఫోన్ చేసినాడు. "ఆ పిల్ల నాయన గౌస్ సాయిబు నాకు తెల్సు నాయనా. నీ తరఫున నేను మాట్లాడ్తా."

షాయిస్తా ఫోన్ అందుకుంది. "వద్దు మామా. ఆయన పని ఆయన్నే చేయనీ!"

ఆదివారం అమ్మీతో గిద్దలూరు పోయినాను. షాయిస్తా వాళ్ల నాయన గౌస్ మొహిద్దీన్ గారికి బట్టల దుకాణం ఉంది, ఇల్లు దాని వెనకే. దుకాణంలో ఆయన ఎదురుగా కూర్చోగానే నా నాలుక పిడచకట్టింది. మా అమ్మ దిల్షాద్ బేగం అందుకోబోయింది.

"అమ్మీ, నేను చెప్తా," అన్నాను. చెప్పాను కూడా. చెమటలు పట్టాయి గానీ, మొత్తం నేనే చెప్పాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "మా పిల్ల నీ మీద 'ఇంతవరకు లేదు' అని రిపోర్టు రాసిందంట గదా. రేపు ఇంట్లోనూ ఉన్నదున్నట్టే చెప్తాది. తట్టుకుంటావా?"

"ఆమె రాసింది నిజమే అబ్బా. చెప్పకపోయుంటే నేను మారేవాణ్ణి కాదు."

అమ్మీ నా మోచేయి గిల్లింది. నేనేమన్నానో నాకప్పుడు తెలిసింది.

"మేం ఒప్పుకోకముందే అబ్బా అంటివే!" అని గౌస్ మొహిద్దీన్ గారు గట్టిగా నవ్వి, లోపలి పరదా వైపు తిరిగాడు. "బేటీ, ఏం చేద్దాం?"

"అనేసినాడు గదా అబ్బా, ఉండనీ," అంది పరదా వెనక నుంచి షాయిస్తా.