నల్లగుండం రాతిశిక్ష

నలభై రోజులుగా ముట్టడిలో ఉన్న నల్లగుండం కోట ఆ ఉదయం నిశ్శబ్దమైంది. కొండ దిగువన ఆమడ పొడవునా పరచుకున్న శత్రువుల గుడారాలను, ఏనుగులు లాగుతున్న రాళ్లు రువ్వే యంత్రాలను, బీటలు వారిన పడమటి గోడను కాసేపు మరచి, పురజనులూ సైనికులూ కొలువుకూటం ముందు గుమిగూడారు. పదిహేనేళ్లుగా ఆ కోటను కాచిన సేనాని రేచన ఆనాడు రాజద్రోహిగా విచారణకు నిలబడ్డాడు.

ఆధారం ఒక్క లేఖ. గోడ కింద పడివున్న తమవారి శవాలను తెచ్చుకోవడానికి ఒక పూట యుద్ధం ఆపమని రేచన శత్రు సేనాపతికి రాశాడు. రాజు అనుమతి తీసుకోలేదు. మహామంత్రి చౌండన ఆ లేఖను సభలో చదివి వినిపించి, రాజు భీమరసు వైపు తిరిగాడు.

"శవాలు వాసన వేస్తున్నాయని పగవాడికి ఉత్తరం రాసిన సేనాని, దేవరా, కోట తాళాలు తుప్పు పట్టాయని రేపు వాటినీ పంపడా?"

సభలో కొందరు నవ్వారు. రేచన తల దించలేదు.

"రాసింది నేనే. ఆ శవాల్లో మా సైనికుల తండ్రులున్నారు, అన్నలున్నారు. వాళ్లను కాకులు పొడుస్తుంటే పైనుంచి చూస్తూ విల్లు పట్టమంటే ఏ చెయ్యి నిలుస్తుంది దేవరా? అడగకుండా రాయడం నా తప్పు. ద్రోహం నేనెరగను."

రాజు చిన్నవాడు. ముట్టడి వల్ల నిద్ర కరువైనవాడు. తొందరపడి మరణశిక్ష విధించాడు.

అప్పుడు రేచన భార్య కొమ్మసాని ముందుకు వచ్చింది. మరణశిక్షను రద్దు చేసే అధికారం ఆ రాజ్యంలో రాజుకు కూడా లేదు. దాన్ని రాతిశిక్షగా మార్చవచ్చు. అంటే దోషి కాలికి గొలుసుతో బతికినన్నాళ్లూ కోటగోడలకు రాళ్లు మోయాలి. కాని చట్టం దృష్టిలో అతడు ఆ రోజే చనిపోయినట్టు. ఇంట్లో కర్మకాండ జరుగుతుంది. భార్య తాళి తీసేయాలి. ఇదంతా కొమ్మసానికి తెలుసు.

"న్యాయం మార్చమని అడగను దేవరా. ప్రాణం ఒక్కటే అడుగుతున్నాను. నా మెడలోది తీసుకోండి, ఆయన మెడ వదిలిపెట్టండి."

"కొమ్మా, ఊరుకో," అన్నాడు రేచన. "నన్ను మనిషిగా పోనియ్యి."

"మీరు మనిషిగా పోతే నాకేం మిగులుతుంది? ఎలాగో ఒకలాగ ఉండండి. చూసుకుంటాను."

చౌండన చిరునవ్వుతో చేతులు జోడించాడు. "ఆ తల్లి కోరిక తీర్చండి దేవరా. పడమటి గోడకు పనివాళ్లు తక్కువయ్యారు." బాణాల కింద ఆ గోడ మీద పది రోజులు బతికిన ఖైదీ లేడని ఆయనకు తెలుసు.

రాజు ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ముసలి వితంతువులు కొమ్మసాని గాజులు పగలగొట్టి, తాళి తీశారు. ఖైదీలెవరూ శత్రువుల వైపు దూకిపోకుండా గోడ రాతిలో దిగేసిన ఇనుప కడియాలు ఉండేవి. అందులో ఒకదానికి రేచన గొలుసు తగిలించారు.

చనిపోయినవాడికి అన్నం తెచ్చే హక్కు భార్యకు లేదు. అందుకని కొమ్మసాని గోడ మీది ఖైదీలందరికీ గంజి కాచి తెచ్చేది.

"అమ్మా, నీ గంజితో మాకు మళ్లీ బతకాలనిపిస్తోంది. ఇదేం శిక్షమ్మా!" అనేవాడు రేచన పక్కన గొలుసులో ఉన్న దొంగ పోతడు. రేచనకూ పాఠాలు చెప్పేవాడు. "తలకాయలు తీసినంత తేలిక కాదు దొరా. నడుం వంచకు, మోకాళ్లు వంచి ఎత్తు."

రేచన భార్యతో ఏడు రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ఆమె బోసి చేతులు చూసి అన్నాడు: "నన్ను చావనిచ్చినా ఇవి ఇలాగే ఉండేవి. నేను చూడాల్సి వచ్చేది కాదు."

"చూడండి. చూస్తున్నారంటే బతికున్నారన్నమాట."

అతడు గంజి తాగాడు. ఆ తర్వాత రోజూ రెండు మాటలు మాట్లాడేవాడు.

పన్నెండో రోజు ఉదయం ఉత్తరద్వారం దగ్గర చౌండన దూత దొరికాడు. కోట అప్పగిస్తే తనకు రాజ్యం కట్టబెట్టాలని మంత్రి స్వహస్తంతో రాసిన లేఖ అతడి తలపాగాలో ఉంది. చౌండనను బంధించి, రేచన నిర్దోషి అని రాజు ప్రకటించాడు. సరిగ్గా అప్పుడే శత్రువుల ఏనుగులు పడమటి గోడకు గండి కొట్టాయి.

"ముందు గొలుసు విప్పించండి దేవరా!" అంది కొమ్మసాని.

రాజపురోహితుడు అడ్డు చెప్పాడు. చనిపోయినవాడికి విడుదల ఆజ్ఞ చెల్లదు. ముందు అతడు బతకాలి. అతడు బతకాలంటే ముందు భార్య సుమంగళి కావాలి.

రాజు ఆలోచించాడు. "ఒకసారి తొందరపడి తప్పు చేశాను. ఈసారి ఏ లోపమూ ఉండకూడదు. శాస్త్రప్రకారమే కానివ్వండి."

పసుపు, కుంకుమ, కొత్త గాజులు వచ్చాయి. మంత్రాలు మొదలయ్యాయి. లేవబోయిన ఆమెను ముత్తైదువలు రెండుసార్లు కూర్చోబెట్టారు. "శుభకార్యంలో ఏడవకూడదు తల్లీ."

గోడ దగ్గర సైనికులు వెనక్కి పరుగెత్తుతున్నారు. రాజాజ్ఞ లేనిదే గొలుసు విప్పనని కాపలావాడు తాళంచెవి పట్టుకుని ఏడుస్తున్నాడు. రేచన గండిలో నిలబడి పాత గొంతుతో అరిచాడు. "ఎక్కడికిరా? మీ ఇళ్లు ఈ గోడ వెనకే ఉన్నాయి!" చచ్చినవాడి ఆజ్ఞకు సైనికులు తిరిగివచ్చారు. వాళ్లు బారులు తీరేవరకు ఖైదీలు గడ్డపారలతో గండిని ఆపారు. ఈటె వస్తున్నప్పుడు రేచన దాన్ని చూశాడు. పక్కకు తప్పుకోబోయాడు. గొలుసు చాల్లేదు.

శత్రువులు వెనుదిరిగారు. ఆజ్ఞాపత్రం తెచ్చే భటుడికంటే ముందు కొమ్మసాని పరుగున వచ్చింది. పోతడు రేచన తలను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఎంతసేపైంది?"

"ఇప్పుడేనమ్మా. నీళ్లు రెండు గుక్కలు తాగాడు."

భటుడు ఆజ్ఞ చదివాడు. కాపలావాడు గొలుసు విప్పాడు. రాజు చెప్పుల్లేకుండా నడిచివచ్చి, రాజలాంఛనాలతో దహనం జరగాలన్నాడు. ఆయన వెనకే వచ్చిన ముసలి వితంతువులు తమ పని కోసం కొమ్మసాని దగ్గరకు జరిగారు.

"ఆగండి," అంది ఆమె. "మొదటిసారి మీరు చేశారు. ఈసారి నేనే చేసుకుంటాను."

భర్త పక్కన కూర్చుని, చేతులు రాతికేసి కొట్టుకుంది. గాజులు కొత్తవి. ఒక పట్టాన పగల్లేదు.