మానికతో కొలిచిన డిస్క్

"మూడు గోడౌన్లు. ఒకదాంట్లో మనవాడు ఉన్నాడు. ఏది అన్నదే ప్రశ్న," అన్నాడు చీఫ్. "రేవులో షిఫ్టు సైరన్ మోగగానే ఆ విదేశీ ముఠా సరుకు సరిచూసుకుంటుంది. డిస్క్ మాయమైందని తెలిస్తే మనవాణ్ణి అక్కడే కాల్చేస్తారు."

"మూడింటి మీదా ఒకేసారి పడితే?"

"అంత బలగం లేదు. తప్పు గోడౌన్ మీద పడ్డామా, వాళ్లు జాగ్రత్తపడతారు. నువ్వు తెచ్చిన ఆ డిస్క్‌లో గుట్టు ఉంది. చదివించు."

ఏజెంట్ మిడత తలూపాడు. ఒకచోట కుదురుగా ఉండలేడని ట్రైనింగులో పెట్టిన పేరది. ఈరోజు మాత్రం కుదురు లేకపోవడానికి కారణం వేరు. ఆ మనవాడు అతని సొంత అన్న. ముఠాలో మారువేషంలో చేరి, డిస్క్ దొంగిలించి రేవు గేటు బయట చెత్తకుండీలో వదిలింది అన్న. చెత్త ఏరుకునేవాడి వేషంలో వెళ్లి అందుకున్నది తమ్ముడు. లోపల ట్రాన్స్‌మిటర్ ఉంటుందేమోనని, నేర్చుకున్న పాఠం ప్రకారం పైపెట్టె ఊడదీసి కాలువలో పారేసి, వట్టి డిస్క్‌ని చొక్కాలో దాచుకుని వచ్చాడు.

ల్యాబ్‌లో ఆ డిస్క్ ముందు కూర్చున్నది వదిన. శాఖలో డేటా రికవరీ ఆమె పని. భర్త టూర్‌కి వెళ్లాడని మాత్రమే ఆమెకు తెలుసు. అంతకు మించి చెప్పకూడదన్నది శాఖ రూలు. మిడత నోటికి తాళం వేశారు గాని కాళ్లకు వేయలేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"నేల అరిగిపోతుంది, కూర్చో," అంది వదిన.

"అయిందా?"

"మౌంట్ కావట్లేదు. ఫైల్ సిస్టమే లేదంటోంది."

కిటికీ పక్కన ఎర్ర సిల్కు గౌనులో కాలు మీద కాలేసుకుని కూర్చున్న కెంపు నవ్వింది. ముఠా నుంచి తమవైపు తిప్పుకున్న డబుల్ ఏజెంట్ ఆమె. ఆమె అందాన్ని శాఖలో అందరూ నమ్మారు, ఆమెను మాత్రం ఎవరూ పూర్తిగా నమ్మలేదు.

"డిస్క్ చచ్చింది, డియర్. వేరే దారి చూసుకోండి."

తెర మీద ప్రశ్న వెలిగింది: డిస్క్ ఫార్మాట్ చేయాలా?

వదిన మంచినీళ్ల సీసా కోసం వెనక్కి తిరిగింది. అంతే, ఎర్రరంగు గోరొకటి వచ్చి ఎంటర్ నొక్కింది.

మిడతకు పైప్రాణం పైనే పోయింది. బల్ల మీదుగా దూకాడు. కెంపు లిప్‌స్టిక్ తీసింది, దాని మొనలో విషపు సూది. మణికట్టు మెలిపెట్టి, సూది కింద పడేసి, ఆమెను సర్వర్ ర్యాక్‌కి బేడీలతో బిగించాడు.

"వదినా, అంతా పోయింది!"

"ఏం పోలేదు. మధ్యలో రైట్ బ్లాకర్ పెట్టా. ఆ డిస్క్‌ని చదవగలరు గాని, ఎవరూ చెరపలేరు." వదిన కెంపు వైపు తిరిగింది. "చచ్చిన డిస్క్‌ని మళ్లీ చంపాలని అంత తొందరేంటమ్మా నీకు?"

జవాబు కోసం ఆగకుండా మిడత వైపు తిరిగింది.

"ఇంతకీ దీనికి పైపెట్టె ఏది?"

"కాలువలో పారేశా..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కొన్ని పెట్టెల్లో ఉండే సర్క్యూట్ సెక్టార్ సైజు, అంటే డిస్క్‌లో ఒక్కో గడి కొలత, మార్చి చెప్తుంది. పెట్టెలో ఉన్నప్పుడు ఇది నాలుగువేల తొంభై ఆరు బైట్లని చెప్పి ఉంటుంది. ఇప్పుడేమో ఐదువందల పన్నెండే అంటోంది."

"నాకర్థమయ్యే తెలుగులో చెప్పు!"

"వాళ్లు మానికతో కొలిచి దాచారు. మనం అందులో ఎనిమిదో వంతుండే అరసోలతో కొలుస్తున్నాం. అంకె అదే, కొలత మారింది. ఎనిమిదో వంతు దూరంలోనే ఆగిపోయి, ఇక్కడేమీ లేదంటున్నాం. అసలు కొలత ఏదో మనమే చెప్దాం."

డిస్క్‌ని వేరే కొలతతో చూపించే లూప్ డివైస్ పెట్టి, కొత్త సెక్టార్ సైజు కొట్టింది. పార్టిషన్ కనిపించింది. మౌంట్ చేయమని ఆదేశం కొట్టింది. మళ్లీ ఎర్రర్!

"ఇప్పుడేమైంది?" మిడత గొంతు చించుకున్నాడు. కిటికీ అవతల రేవు కూలీలు పనిముట్లు సర్దుకుంటున్నారు.

"ఎవరో హడావుడిగా లాగేశారు. సగంలో ఆగిన రాతలు పూర్తి చేసుకుంటానంటోంది, బ్లాకర్ ఒప్పుకోవట్లేదు. వాటి జోలికి పోకుండా, ఉన్నది ఉన్నట్టు తెరవమంటా."

తెరుచుకుంది. ఒకే ఒక వీడియో ఉంది. వదిన దాన్ని నొక్కింది.

తెర మీద ఆమె భర్త. గడ్డం మాసి, చిక్కిపోయి, గుసగుసగా: "కోల్డ్ స్టోరేజీ వెనక. నీలం షట్టర్. త్వరగా రండి."

వదిన వీడియోను అక్కడే ఆపి మరిది వైపు చూసింది.

"వదినా... చెప్పకూడదన్నారు..."

"ముందు చీఫ్‌కి ఫోన్ చెయ్యి," అంది. "ఏడవడం తర్వాత."

మిడత చీఫ్‌కి నీలం షట్టర్ సంగతి చెప్పేసరికి రేవులో సైరన్ మొదలైంది. వైర్‌లెస్‌లో జీపుల హోరు, షట్టర్ విరిగిన చప్పుడు, రెండు తూటాలు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. మిడత వైర్‌లెస్ శబ్దం పెంచాడు. సైరన్ కూత ఆగేలోపు చీఫ్ గొంతు వచ్చింది: "ముఠా దొరికింది. మనవాడు క్షేమం!"

మిడత ఆ రోజంతటిలో మొదటిసారి కూర్చున్నాడు, అదీ నేల మీద. వదిన కళ్లు తుడుచుకుని వైర్‌లెస్ అందుకుంది.

"ఏవండీ, ఇంటికి రండి," అంది చాలా నెమ్మదిగా.

శత్రువుల తుపాకీ ముందు బెదరని అన్న ఆ నెమ్మది విని, దర్యాప్తుకు సాయంగా ఇంకో రెండు రోజులు గోడౌన్‌లోనే ఉంటానని చీఫ్‌ని బతిమాలుకున్నాడట.