రెండు తాళాల బీరువా

కుర్చీ చూపించినా ఆ మనిషి కూర్చోలేదు. పదేళ్లుగా అడవిలో చిరుతల జాడలు తీసి, కెమెరాలు కట్టే మనిషి. చేతిలో సస్పెన్షన్ కాగితం ఉంది.

"చిరుతల ఫొటోలున్న కెమెరా మెమరీ కార్డులు నేనే దొంగిలించి వేటగాళ్లకు అమ్మేశానంటున్నారమ్మా. సోమవారంలోగా తెచ్చివ్వకపోతే ఉద్యోగం పీకేసి కేసు పెడతారట. ఇంట్లో పిల్లలు కూడా నన్ను అదోలా చూస్తున్నారు."

డిటెక్టివ్ గారు అరవై దాటిన మనిషి. ఆవిడకు సహాయకుడు సొంత అల్లుడే. అత్తగారంటే భయపడే అల్లుళ్లు లోకంలో కోకొల్లలు. భక్తి ఉన్నవాడు మాత్రం ఇతనొక్కడే అయ్యుంటాడు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ పరిశోధన కేంద్రానికి వెళ్లారు.

అటవీ శాఖ, యూనివర్సిటీ కలిసి చిరుతల్ని లెక్కపెట్టాలని ప్రభుత్వం నిధులిచ్చి పెట్టిన కేంద్రమది. చిరుతల సంఖ్య పెరిగితేనే వచ్చే ఏడు నిధులని షరతు. కలిసి పనిచేయడం కాగితం మీదే. అక్కడి అటవీ అధికారికీ ప్రొఫెసరమ్మకూ ఉప్పూ నిప్పూ. ఒకే గదిలో రెండు టీ ఫ్లాస్కులు, రెండు గోడ గడియారాలు, కార్డులు దాచే బీరువాకు రెండు తాళాలు. రెండూ తీస్తేగానీ తలుపు రాదు.

"నా తాళంచెవి ఈ గొలుసుకే ఉంటుంది. స్నానానికి వెళ్లినా తీయను," అన్నాడు అధికారి.

"నాది నా హ్యాండ్‌బ్యాగులో. ఆ బ్యాగు మా ఆయన చేతికి కూడా ఇవ్వను," అంది ప్రొఫెసరమ్మ.

"మరి ఆ జాడల మనిషి ఎలా తీశాడు?" అన్నారు డిటెక్టివ్ గారు.

"అడవిలో తిరిగేవాళ్లకు రాని విద్యలుంటాయా?" అన్నాడు అధికారి. ప్రొఫెసరమ్మ తలూపింది. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం చూసి అల్లుడికి ముచ్చటేసింది కూడా.

గోడ మీద పన్నెండు చిరుతల ఫొటోలున్నాయి. పోయినేడు ఆరే.

"అల్లుడుగారూ, నాలుగో నంబరుకు ఏ చెవి చిరిగింది?"

"ఎడమది, అత్తయ్యగారూ."

"తొమ్మిదికి?"

"కుడిది."

"కింద తేదీ పట్టీ ఒక్కదానికీ లేదే?"

"ఫ్రేములో పట్టలేదు," అంది ప్రొఫెసరమ్మ.

సోమవారం అందరూ ఆ గదిలోనే కూర్చున్నారు. నిధులు మంజూరు చేసే పెద్దాఫీసరు కూడా వచ్చాడు. డిటెక్టివ్ గారు నాలుగో నంబరు ఫొటో ఎదురుగా అద్దం పట్టుకున్నారు. అద్దంలో తొమ్మిదో నంబరు కనిపించింది. అవే మచ్చలు, అదే చిరుగు.

"ఆరు ఫొటోల్ని తిప్పి ముద్రించి పన్నెండు చేశారు. తేదీ ఉంటే అంకెలు తిరగబడి గుట్టు బయటపడుతుంది, అందుకే కత్తిరించారు. పెద్దాఫీసరు గారు అసలు కార్డులు అడిగేసరికి అవి మాయమయ్యాయి."

"ఎవరు తీశారు?" అన్నాడు పెద్దాఫీసరు.

"తాళాలు పగల్లేదు. తాళంచెవులు తమ చెయ్యి దాటలేదని ఇద్దరూ గట్టిగా చెప్పారు. నేను నమ్మాను. అంటే ఇద్దరూ కలిసే తీశారు. పదేళ్లలో మీరు చెయ్యీ చెయ్యీ కలిపిన పని ఇదొక్కటే. పారేద్దామన్నా ఒకరినొకరు నమ్మి ఉండరు, చెరి సగం తమ దగ్గరే దాచుకుని ఉంటారు. ఏదమ్మా, మీ ఆయనకు కూడా ఇవ్వని ఆ బ్యాగు?"

బ్యాగులోంచి సగం కార్డులు బల్ల మీద పడ్డాయి. మిగతా సగం అధికారి తన జేబులోంచి తానే తీసి పెట్టాడు.

"ఆరేనని రాస్తే పైసా ఇస్తారా? నిధులు రాకపోతే అడవిలో జీపు కూడా కదలదు," అన్నాడు అధికారి.

"ఆ మాట షరతు పెట్టినవాళ్లతో చెప్పాల్సింది. ఈయన మెడకెందుకు చుట్టారు?"

పెద్దాఫీసరు సస్పెన్షన్ కాగితం చింపాడు. జాడల మనిషి కళ్లు తుడుచుకున్నాడు. పెద్దాఫీసరు ఇంకో కాగితం తీసి సంతకం పెట్టాడు. కేంద్రం మూసివేత. అందులోని ఉద్యోగాలన్నీ రద్దు.

"నీ మీద మచ్చ లేదయ్యా," అన్నాడు.

జాడల మనిషి ఉద్యోగం ఊసెత్తలేదు. "నాలుగో నంబరు చిరుత తల్లి, అయ్యా. రెండు పిల్లలున్నాయి. వేటగాళ్ల ఉచ్చులు రోజూ నేనే తీస్తున్నాను. రేపట్నుంచి ఎవరు తీస్తారు?"

"దానికి వేరే ప్రతిపాదన రావాలి."

"ఎవరు పంపాలండీ?"

"ఈ కేంద్రమే."