పొలిమేర లోపల తొంభై సెకన్లు

యోగానంద టీ గ్లాసు పెదవుల దాకా ఎత్తాడు కానీ తాగలేదు. సైలెన్సర్ బిగించిన తుపాకీ రెండుసార్లు దగ్గింది. మొదటి గుండు గ్లాసును పగలగొట్టింది. రెండోది గొంతులో దిగింది. బైకు మీద వచ్చినవాడు దిగి, గిలగిల కొట్టుకుంటున్న మనిషి భుజం నుంచి లాప్‌టాప్ బ్యాగు ఊడలాక్కుని జాతర జనంలో కలిసిపోయాడు.

అరగంటకల్లా కబురు తిరుపతి రైల్వే స్టేషన్ వెనుక ఉన్న ఓ లాప్‌టాప్ రిపేరు షాపుకు చేరింది. ముందు గదిలో పాత కీబోర్డులు, వెనుక గదిలో తుపాకులు. ఊరి లెక్కలో జోయల్ అక్కడ మెకానిక్కు. ఐరాలలో ఉన్న అతని తల్లి కృపామణి లెక్కలోనూ అంతే. అతను గూఢచారి అన్న అసలు లెక్క తెలిసింది అతని చీఫ్ సుబ్రమణ్యానికీ, ఆ పనిలోనే ఉన్న ఒకరిద్దరికీ మాత్రమే.

సుబ్రమణ్యం బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. ఐరాల దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. దాని కోల్డ్ స్టోరేజికి అమ్మోనియా ట్యాంకులున్నాయి. ఆ ట్యాంకుల వాల్వులను నడిపేది వెల్‌కోర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, కంపెనీకి ఏటేటా డబ్బు కట్టి వాడుకునే సరుకు. కిందటి అప్‌డేట్‌లో బ్లాక్ కోరల్ అనే విదేశీ ముఠా అందులో దూరం నుంచే లోపలికి దూరే దొంగతలుపు పెట్టింది. అక్కడి మెషీన్లను లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌కు మార్చడానికి వెళ్ళిన జోయల్ స్నేహితుడు యోగానంద నిన్న ఆ తలుపును పట్టేశాడు. పట్టినందుకే పోయాడు. మధ్యాహ్నం పన్నెండుకు, రెండు షిఫ్టుల ఆడవాళ్ళూ లోపలే ఉండే వేళకు, వాల్వులు తెరుచుకుంటాయి. ఇది రిహార్సల్. పని చేస్తే దేశంలో వెల్‌కోర్ నడిచే ప్రతి ప్లాంటుకూ ఇదే గతి.

జనాన్ని బయటికి పంపుదామంటే వాచ్‌మన్లలో ముఠా మనిషి ఉన్నాడు, సైరన్ మోగిన మరుక్షణం పైకి కబురు పోతుంది, వాల్వులు అప్పుడే తెరిచేస్తారు. నెట్ కోసేద్దామంటే అంతకన్నా ముప్పు. ముఠా దగ్గరున్న మాస్టర్ లాప్‌టాప్ నుంచి ఫ్యాక్టరీకి నిరంతరం సిగ్నల్ వెళుతోంది. అది తొంభై సెకన్లు ఆగిందా, వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి.

సుబ్రమణ్యం ఒక పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

"యోగానంద రేత్రే నాకిచ్చినాడప్పా. ఇందులో లినక్స్ ఉండాది. ఆ మాస్టర్‌ను ఆపి, దీంతో లేపల్ల. తొంభై లోపల లేస్తాది. పాస్‌వర్డ్ తోతాపురి. కొడితే సాలు, వాల్వులకు తాళం పడతాది."

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మీయమ్మ ఈ పొద్దు పనికి పొయ్యిందా?"

పోయిందని జోయల్ తలూపాడు. కృపామణి పదేళ్ళుగా అదే ఫ్యాక్టరీలో కాయలు కోస్తోంది. అతను పెన్‌డ్రైవ్ తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

బయట తెల్ల కారులో స్టెల్లా ఎదురు చూస్తోంది. చెన్నై మనిషి. నల్లద్దాలు, ఎర్రటి గోళ్ళు, మనిషి కంటే ముందు వచ్చే అత్తరు. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ సుబ్రమణ్యానికి కబుర్లు మోస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే జోయల్ ట్రైనింగ్‌లో నేర్చుకున్నదంతా మరిచిపోయేవాడు. మాస్టర్ సత్యవేడులో ఉందనీ, మునిచంద్ర అనే తిరుపతి రౌడీ నిన్న రాత్రి దాన్ని అక్కడికి చేర్చాడనీ, సరిహద్దు పక్కనే కాబట్టి పని ముగించి తమిళనాడులోకి జారుకుంటాడనీ ఆమె చెప్పింది. జోయల్ పక్క సీట్లో కూర్చోగానే ఆమె కారును రేణిగుంట దారి పట్టించింది.

తిరుపతిలో గంగమ్మ జాతర. వీధుల నిండా వేషాలు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండలు చేతబట్టి, అమ్మవారి మొక్కుగా కనబడ్డవాణ్ణల్లా బూతులు తిడుతూ పోతున్న మగవాళ్ళు. ఈ ఊళ్ళో చదువుకున్న రోజుల్లో జోయల్ స్నేహితులూ ఇలాగే తిరిగేవాళ్ళు. వాళ్ళను చూస్తుండగా అతనికి ఒక సంగతి తట్టింది.

"మునిచంద్రను సత్యవేడులో నువ్వు కండ్లారా సూసినావా?"

లేదు, రాత్రి ఫోన్ చేసి చేరానన్నాడు, అంది స్టెల్లా.

"అబద్ధం చెప్పినాడు. వాడు గంగమ్మ గుడి ఉండే తాతయ్యగుంట మనిషి. గంగమ్మ జాతరకు చాటింపు వేసినాక, జాతర అయ్యేదాకా వాడు పొలిమేర దాటడు. కన్నతండ్రి సచ్చినా దాటడు. కారు తిప్పు. మాస్టర్ ఊర్లోనే ఉండాది."

స్టెల్లా కారు తిప్పలేదు. ఆమె ఎడమ చేతిలోకి పిస్టల్ వచ్చింది. సత్యవేడులో తన కోసం కాచుకున్నది మునిచంద్ర కాదనీ, నలుగురు తుపాకులవాళ్ళనీ జోయల్‌కు అప్పుడు అర్థమైంది. ఆమె రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేదు. మొదటి నుంచీ ఒకే పడవ, అది ముఠాది.

గుండు అతని పక్కటెముకల కింద దూసుకుపోయింది. రెండోది పేలేలోపు జోయల్ స్టీరింగ్‌ను గుంజాడు. కారు డివైడర్‌ను గుద్ది పల్టీ కొట్టింది. తలకిందులుగా వేలాడుతూనే ఆమె మళ్ళీ గురిపెట్టింది. అతను ఆ మణికట్టును కిటికీ అంచుకేసి విరిచి, సీటుబెల్టు ఆమె మెడకు చుట్టి, ఆమె కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా పట్టుకున్నాడు. పాకుతూ బయటికొచ్చాడు. చంపినందుకు కాదు, నమ్మినందుకు ఏడుపొచ్చింది.

ఆటో ఎక్కి జాతర మధ్యలో దిగేసరికి చొక్కా నెత్తుటితో ముద్దయింది. దాన్ని విప్పి పారేసి, ఒక వేషగాడి కుంకుమ పొట్లం అడిగి ఒళ్ళంతా పూసుకున్నాడు. ఎరుపులో ఎరుపు కలిసిపోయింది. వేపమండ పట్టుకుని, ఇన్నేళ్ళూ మింగిన తిట్లన్నీ గొంతెత్తి తిడుతూ తాతయ్యగుంటలో మునిచంద్ర ఇంటి దాకా నడిచాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

గుమ్మంలో కాపలా ఉన్నవాడు మాత్రం జాతర మర్యాద ఎరగని పరాయివాడు. తల్లి మీద తిట్టు పడగానే రోషపడి జోయల్ గొంతు పట్టుకోవడానికి చేతులు చాచాడు. జోయల్ ఆ తలను గడపకేసి మోదాడు. రెండో దెబ్బకు చప్పుడు మారింది. మూడోది అవసరం లేకపోయింది.

లోపల మునిచంద్ర కూడా కుంకుమ వేషంలోనే ఉన్నాడు. పన్నెండుకు ఈ పని ముగించి నేరుగా గుడికి పోవాలని కాబోలు. ముందు బల్ల మీద మాస్టర్, పక్కన వేటకొడవలి. గోడ గడియారం పన్నెండుకు ఒకటిన్నర నిమిషం తక్కువ చూపిస్తోంది.

"ఆడ మున్నూరు మంది ఆడోళ్ళు సస్తారు. గంగమ్మ ఊరుకుంటాదా?" అన్నాడు జోయల్.

మునిచంద్ర ముఖంలో కుంకుమ కింద రంగు మారింది. "కరెంటు పోతాది, అంతే అన్నారే."

ఆ ఒక్క క్షణం చాలింది. జోయల్ పెన్‌డ్రైవ్ గుచ్చి పవర్ బటన్ నొక్కి పట్టాడు. తెర నల్లబడింది. ఫ్యాక్టరీకి సిగ్నల్ ఆగింది. మెషీన్ ఆగిందని తెలిస్తే ముఠా తనను బతకనివ్వదని మునిచంద్రకు గుర్తొచ్చింది. కొడవలి లేచింది. జోయల్ ఎడమ ముంజేయి అడ్డుపెట్టాడు. ఎముక దాకా దిగింది. కుడిచేత్తో మళ్ళీ బటన్ నొక్కి, ఆ చేత్తోనే మునిచంద్ర జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. పైన తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా పరుగెడుతున్నాయి. కొడవలి ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలియని పెనుగులాట. చివరికి అది మునిచంద్ర మెడలో ఆగింది.

జోయల్ లేచాడు. తెర మీద ఒకే మాట. పాస్‌వర్డ్.

తోతాపురి అని కొట్టాడు. తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు పోయిందనుకున్నాడు. వెల్‌కోర్‌లో అక్షరానికో చుక్క పడుతుంది, ఇక్కడ అదీ లేదు. అంతా చెరిపి మళ్ళీ కొట్టాడు. నెత్తుటికి వేళ్ళు జారుతున్నాయి. మళ్ళీ ఖాళీయే. గడియారం ముల్లు పన్నెండు మీదికి ఎగబాకుతోంది. అమ్మా అని అరవబోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. లినక్స్ నేర్పుతానని యోగానంద ఎన్నిసార్లు పిలిచినా పాతదే సుఖమని తప్పించుకున్న జోయల్, ఒక్కసారి మాత్రం మొహమాటానికి కూర్చున్నాడు. ఆ రోజూ ఇలాగే కీబోర్డును చరిచాడు. యోగానంద నవ్వాడు. "దాన్నెందుకు కొడతావప్పా? పాస్‌వర్డ్‌ను అది సూపీదు. వింటా ఉండాది. నమ్మి ఎంటర్ కొట్టు."

పాతది చెరిపి, ఖాళీ తెరను చూస్తూ మూడోసారి, అక్షరం అక్షరంగా కొట్టాడు. కనబడని దాన్ని నమ్మడం ఆదివారం ఆరాధనలో సులువే. ఇక్కడ కాదు. ఎంటర్ నొక్కాడు.

గడియారం రెండు ముళ్ళూ ఒకటయ్యాయి. తెర మీద ఒక వరస వచ్చి ఆగింది. వాల్వులన్నీ లాక్.

జోయల్ అక్కడే కూలబడి, యోగానంద పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

సాయంత్రం ఆసుపత్రిలో చేతికి, డొక్కకు కుట్లు వేయించుకుంటూ తల్లికి ఫోన్ చేశాడు. ఆమె నిష్ఠూరంగా ఎత్తింది. పొద్దుగూకులూ నిలబడి కాయలు కోసి నడుములు పడిపోయాయట. మధ్యాహ్నం ఎవరో పోలీసులొచ్చి వాచ్‌మన్‌ను పట్టుకుపోయారట, పని గంటసేపు ఆగిందట. ఆ ఆగిన గంటకూ కూలిలో కోతే పడుతుందట. నీ గొంతేంట్రా అట్లుండాది, అని అడిగింది.

"ఏం లేదుమా. ఒక లాప్‌టాప్ మార్చినా. కొంచెం కష్టమయింది."

కృపామణి నవ్వింది.

"కూసోని చేసే పనికి కష్టమేందిరా, నాయనా."