ఆఖరి వరుసలో డబ్బాలు

రాజాం మెయిన్ రోడ్డులో నాది డీటీపీ షాపు. తెలుగు ఫైలు తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు రావడం, "కంప్యూటర్ పాడైపోనాదా బాబూ?" అని జనం బెంగపడడం నాకు రోజూ వినోదమే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతకానివాళ్లంతా కంప్యూటర్ని తిడతారు. వాళ్లంటే నాకు చులకన. దాచుకోను.

2013 నవంబరు ఒకటిన, మధ్యాహ్నం, జ్ఞానానందం అనే చర్చి పెద్దాయన పెన్ డ్రైవ్ పట్టుకొచ్చాడు. మర్నాడు సమాధుల పండగ. పోయినవాళ్ల పేర్లు చర్చిలో చదవాలి. ఆ జాబితా టైపు చేసిన గుమస్తా రాబర్ట్ వేసవిలోనే చనిపోయాడు.

తెరిచాను. అన్నీ డబ్బాలే.

"మీ రాబర్ట్ మహా పనిమంతుడండీ," అని వెక్కిరించి, ఎన్‌కోడింగ్, అంటే కంప్యూటర్ అక్షరాల్ని గుర్తుపట్టే పద్ధతి, మార్చాను. పేర్లు, పోయిన తేదీలు తేలాయి. ఆఖరి వరుస మాత్రం డబ్బాలుగానే ఉండిపోయింది. ఒకే ఫైల్లో ఒక్క వరుసకి అలా జరగదు.

"అది వదిలీ బాబూ," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "దాన్ని సదవొద్దని రాబర్టు మరీ మరీ సెప్పినాడు."

"పని రానివాళ్లు అలాగే చెబుతారు."

ఇంకో ఎన్‌కోడింగ్ పెట్టాను. ఇంకోటి. బయట ఎండ మండుతోంది. షాపులో మాత్రం అప్పుడే తవ్విన మట్టి వాసన... ఒక్కో డబ్బా విచ్చుకుంది.

నీలవేణి. ఆ రోజు తేదీ.

నా భార్య పేరది. మేం ఏనాడూ చర్చి గడప తొక్కలేదు. ఇంకెవరో అనుకున్నాను. ఫోన్ మోగింది.

"ఏవండీ..." నీలవేణి గొంతు. "ఊపిరి ఆడ్డం నేదు... గుండెల మీద ఎవులో మట్టి పోస్తన్నట్టుంది..."

వరుస చెరిపాను. మళ్లీ వచ్చింది. చెరిపాను... వచ్చింది.

"డబ్బాలు సేసీ బాబూ!" పెద్దాయన గుసగుసగా అన్నాడు. "మునపటిలాగ సేసీ!"

పాత ఎన్‌కోడింగ్ పెట్టాను. అన్నీ డబ్బాలైపోయాయి.

"ఇప్పుడు బాగున్నాది," అంది నీలవేణి.

మూసి తెరిస్తే ఆ పేరు మళ్లీ తేలుతుందేమోనని, ఆ రోజు నుంచి ఆ ఫైలు మూయలేదు, కంప్యూటర్ ఆపలేదు. తెర నిండా డబ్బాలు చూసి, ఈ నరసింగరావుకి తెలుగు ఫైలు తెరవడం రాదని రాజాంలో నవ్వుకుంటున్నారు. నవ్వనీ. నేనూ చేతకానివాళ్లలో కలిశాను. ఆ డబ్బాలు డబ్బాలుగా ఉంటే నాకదే చాలు.

ఈ పొద్దున షాపు తెరిచాను. మౌస్ ఎవరూ ముట్టుకోలేదు. ఆఖరి వరుసలో మొదటి డబ్బా లేదు...

అక్కడ 'నీ' అని ఉంది.